ఏసీ క్లాసులో ఏసీ

ఆ రోజుల్లో చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్నవాడికి తెలియనిదంటూ ఉండదని గట్టిగా నమ్మేవాణ్ణి. కువైట్‌లోని సల్వాలో ఒక కువైటీ ఇంట డ్రైవరుగా పనిచేస్తూ, సాయంత్రాలు ప్రభుత్వ కాలేజీలో ఏసీ రిపేరు కోర్సు చదివేవాణ్ణి. (స్టీరింగు వదిలి మెకానిక్‌నైపోవాలని నా పెద్ద ప్లాను.) ఆ ఏడాది కాలేజీల బడ్జెట్ తగ్గించారు. ముందు పనిముట్లు రావడం ఆగింది, తర్వాత విప్పి నేర్చుకోవడానికిచ్చే పాత ఏసీలూ ఆగాయి. మా ఈజిప్టు మాస్టారు ఇక చేసేది లేక బోర్డు మీద ఏసీ బొమ్మ గీసి చెప్పేవారు. గదిలో గోడకున్న అసలు ఏసీ రెండేళ్లుగా చెడిపోయి ఉంది, బాగుచేయించే డబ్బూ లేదు. ఏసీ పాఠం వింటూ ఇరవైమందిమి నోటుపుస్తకాలతో విసురుకునేవాళ్లం.

ఒకనాడు మాస్టారు, "గురువారం పెద్దాఫీసు నుంచి ఒక అధికారి వస్తున్నాడు. ఏ క్లాసులు తీసేయాలో చూస్తాడట. మనది తీసేస్తే మీరంతా జహ్రా కాలేజీకి పోవాలి" అన్నారు. రోజూ అంతదూరం పోయివస్తే మా మామా (ఇంటావిడను అలాగే పిలుస్తాం) నన్నే తీసేస్తుంది. పక్కన కూర్చునే గోదావరి టీ మాస్టరు, "అయ్యబాబోయ్, ఇంకో రెండు నెలల్లో సర్టిఫికెట్ వచ్చేస్తాదనుకున్నానండీ!" అన్నాడు. నేను లేచి, "ఈ ఏసీ మేమే బాగుచేస్తాం ఉస్తాద్!" అనేశాను. టీ మాస్టరు నా చొక్కా లాగి, "నువ్వెప్పుడైనా ఏసీ విప్పేవా?" అన్నాడు. "యాడ విప్పినా? బొమ్మ సూసినా కదన్నా!" అన్నాను. మాస్టారు మాత్రం కళ్లు మెరుస్తుండగా "యల్లా, మొదలెట్టండి!" అన్నారు.

మూడు సాయంత్రాలు దాని మీద పడ్డాం. మోటారును స్టార్ట్ చేసే కెపాసిటర్ ఉబ్బిపోయి ఉంది. మామా పారేయబోతున్న పాత ఏసీలో అలాంటిదే ఉంటే అడిగాను. "తీసుకుపో, ఖలాస్" అంది. గురువారం ఆ అధికారి తెల్లటి దిష్‌దాషా (అరబ్బుల పొడుగు అంగీ)లో వచ్చి సరిగ్గా ఏసీ కిందే నిలబడ్డాడు. నేను స్విచ్ వేశాను. ఏసీ ఒక్కసారి గర్జించింది, మేము కేకలు పెట్టాం, ఆ వెంటనే లోపలున్న రెండేళ్ల దుమ్మంతా ఆయన మీద పడింది. (ఫిల్టర్ కడిగాం గానీ లోపల తుడవాలని ఎవరికీ తోచలేదు. అది బొమ్మలో లేదు మరి.)

"ఎవరి పని ఇది?" అన్నాడాయన. చెయ్యెత్తాను. ఇఖామా (అక్కడ ఉండేందుకిచ్చే పర్మిట్) రద్దయి విమానంలో కూర్చున్నట్టే అనిపించింది. ఆయన కళ్లు తుడుచుకుని, చల్లగాలికి కాసేపు ముఖం పెట్టి, మెల్లగా అన్నాడు: "మా ఆఫీసుదీ పనిచేయడం లేదు. మాకూ బడ్జెట్ లేదు. ఆదివారం రాగలవా?"

మా బ్యాచ్ పూర్తయ్యేదాకా క్లాసు ఆపలేదు. మా ప్రాక్టికల్ పరీక్ష ఆయన ఆఫీసులోనే జరిగింది, అందరం పాసయ్యాం. తర్వాత ఆ క్లాసు మూసేశారు. చేరాలనుకున్న డ్రైవర్లలో జహ్రా దాకా వెళ్లగలిగినవాళ్లు ఒకరిద్దరే.

ఇప్పుడు కువైట్‌లోనే, ఫింటాస్‌లో నాకు చిన్న రిపేరు షాపుంది. ఏసీ ఎందుకు పనిచేయడం లేదో శబ్దం విని చెప్పేస్తాను. అప్పట్లో, పనిచేస్తే ఎందుకు చేసిందో కూడా చెప్పలేకపోయేవాణ్ణి. అయినా ఆనాడు వేసినంత కేక మళ్లీ ఏ ఏసీకీ వేయలేదు.