ఉత్తుత్తి పిచ్చుకలు

మన్సూరాబాద్‌లో మా ఇంటి ఓనరమ్మకు నా పీహెచ్‌డీ అంటే భలే వేళాకోళం. మెట్ల మీద ఎదురైతే చాలు, ఒకటే ప్రశ్న: “ఇయ్యాల ఎన్ని పిట్టలను పుట్టిచ్చినవ్ బిడ్డా?”

నిజానికి నా పని అదే. కంప్యూటర్లో వీధులు గీసి, ఏ వీధిలో ఎన్ని పిచ్చుకలుండాలో నేనే నిర్ణయించి, వాటిని లెక్కబెట్టడానికి ఒక ఉత్తుత్తి మనిషిని పంపుతాను. అతనికి కొన్ని కనబడవు. అతని తప్పుడు లెక్కలోంచి నేను దాచిన అసలు సంఖ్యను నేను తయారుచేసిన గణిత పద్ధతి రాబడితే, అది పనికొచ్చినట్టు. అప్పుడే, మూడేళ్లుగా కొత్తపేట, మూసారాంబాగ్ దాకా తిరిగి నేను రాసుకున్న నిజం లెక్కల మీద దాన్ని వాడనిస్తానన్నారు మా గైడు. సోమవారం ఆయనకు చూపించాలి.

పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఎందుకు చెయ్యదు? నా ఉత్తుత్తి మనిషి పదింటిలో తొమ్మిది పిచ్చుకలను పట్టేసే మొనగాడు. ఆ చూపు నేనిచ్చిందే. నా చూపు అంతటిదని నా నమ్మకం.

ఆదివారం పొద్దున డాబా మీద బియ్యం చెరుగుతూ ఓనరమ్మ అడిగింది.

“గా మనిషికి ఎన్ని కనవడవు?”

“పదింటికి ఒక్కటే ఆంటీ.”

“నీకో?”

“నాకూ అంతే.”

“అయితే జర లెక్కవెట్టు, సూద్దాం.”

వీధుల్లో లెక్కబెట్టేటప్పటిలాగే పది నిమిషాలు కదలకుండా నిలబడ్డాను. మూడు కనిపించాయి. ఆమె చేటను పిట్టగోడకేసి రెండుసార్లు తట్టి నూకలు చల్లింది. ట్యాంకు కింద నుంచి, పక్కింటి ఏసీ వెనక నుంచి బిలబిలమంటూ దిగాయి. పదకొండు.

“నువ్వు నిలవడ్డంతసేపు గవి ఆడనే ఉన్నయ్ బిడ్డా.”

గదిలోకొచ్చి పాత కాగితాలు తీశాను. ఎన్ని వీధులకు సున్నా రాశానో! మా వీధికీ సున్నాయే. సిగ్గేసింది.

ఉత్తుత్తి మనిషి చూపును పదింటికి మూడుకు తగ్గించాను. పద్ధతి కాస్తా కుప్పకూలింది. నలభై పిచ్చుకలున్న వీధిలో పది ఉండొచ్చు, రెండొందలూ ఉండొచ్చు అంది. సోమవారం అదే చూపించాను. గైడు చాలాసేపు చూశారు. “మళ్లీ వీధుల్లోకి వెళ్లాలమ్మా. ఈసారి ఇంకొకరిని తోడు పెట్టుకుని, ఇద్దరూ విడివిడిగా లెక్కబెట్టండి. ఒకరు వదిలేసినవి రెండోవారికి ఎన్ని దొరికాయో చూస్తే, మీ చూపు ఎంతో తేలుతుంది” అన్నారు. ఎల్బీ నగర్‌లో మెట్రో దిగేదాకా ఏడుపు ఆపుకున్నాను.

ఇంటికొచ్చి ఓనరమ్మకు గైడు అన్నదంతా చెప్పేశాను.

“మూడేండ్లూ పోయినట్టేనా?”

“పోయినట్టే ఆంటీ.”



“రేపు యాడికి?”

“కొత్తపేట.”

“నేనూ ఒస్త. నీ కండ్లనే నమ్ముకుంటే ఈ సదువు అయ్యేలోపు ముసలిదానివైతవ్.”