లంఖణానికి ఆగని పిల్ల

వీరాయమ్మ ఎడమచెయ్యి ఎప్పుడూ కూతురి మెడ మీదికి పోయేది. జుట్టు పైకెత్తి, మెడ వెనక చెయ్యి ఆనించి, కాసేపు ఆగేది. పొడిగా ఉంటే తన పనిలో తాను పడేది. చల్లటి చెమట తగిలితే ఎంత పనైనా అక్కడే వదిలేసి అన్నం గిన్నె అందుకునేది.

కామాక్షికి ఆరో ఏడు. ఈడుకి పొట్టి. బుగ్గలు గుండ్రంగా ఉండేవి, పొట్ట ముందుకు వచ్చేది, కాళ్ళూ చేతులూ సన్నం. తిన్నాక కొంతసేపు అందరు పిల్లల్లాగే ఆడేది. తర్వాత ఉన్నచోటే కూలబడేది. చేతులు వణికేవి, మాట తడబడేది. నోట్లో ఏదైనా పడితే మళ్ళీ లేచేది. పడకపోతే కళ్ళు తేలేసేది. కొత్తపేటలో డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి కాలేయం పెరిగిందన్నారు. పుట్టుకతో వచ్చిందేమో అన్నారు. టానిక్కు రాసిచ్చారు.

బియ్యం మీద కంట్రోలు ఎత్తేశాక ఆత్రేయపురంలో పూతరేకుల పని మళ్ళీ పుంజుకుంది. వీరాయమ్మ రేకులు తీసేది. పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, బోర్లించి కాల్చిన కుండ మీద ఒక్కసారి లాగితే రేకు వస్తుంది. కుండ కింద కొబ్బరాకుల మంట తగ్గకూడదు. ఒకనాడు ఆమె మంట చూసుకుంటుంటే కామాక్షి దోసిలి ముంచి ఆ పచ్చి పిండి తాగేసింది. కడుపునొప్పి వస్తుందని వీరాయమ్మ భయపడింది. నొప్పి రాలేదు. ఆ పూట పిల్ల అన్నం తిన్ననాటికన్నా ఎక్కువసేపు నిలబడింది. అప్పట్నుంచి పడుకోబోయే ముందు కాస్త పిండి కలిపి తాగించేది. మునుపు వీరాయమ్మ రాత్రంతా లేచి కూర్చునేది. ఇప్పుడు ఒక కునుకు దొరికేది. ఎందుకలా జరుగుతోందో ఆమెకి తెలీదు. ఆలోచించే ఓపిక కూడా లేదు.

పక్క కుండ దగ్గర అచ్చాయమ్మ ఊరుకునేది కాదు.

"ఇప్పుడే కదే తింది! మీ పిల్లది పొట్టా, ధాన్యం గాదెనా?"

"గాదెలాంటిదే వదినా. అడుగున చిల్లుంది."

"అయితే పేడెట్టి అలకవే!"

అందరూ నవ్వేవారు. వీరాయమ్మా నవ్వేది. కోప్పడాలంటే ఇంకా ఎక్కువ ఓపిక కావాలి.

కామాక్షికి ముందు ఒక కొడుకు. వాడికీ ఇవే బుగ్గలు, ఇదే పొట్ట. జ్వరం వస్తే ఆ ఇంట్లో లంఖణం కట్టేవారు. కాచిన నీళ్ళూ, శొంఠి కషాయం తప్ప జ్వరం దిగేదాకా ఏదీ పెట్టరు. దిగాక బీరకాయ కూరతో పథ్యం. వాడు పథ్యం దాకా రాలేదు. జ్వరం తీసుకుపోయిందన్నారు. వీరాయమ్మా అలాగే అనుకుంది. కామాక్షి చెమటలు చూడటం మొదలయ్యాక అలా అనుకోలేకపోయింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. లంఖణం కట్టించింది అత్తగారు. పిల్లాడు అడుగుతుంటే అన్నం గిన్నె దాచింది తను.

వానలు పట్టాక కామాక్షికి జ్వరం వచ్చింది. మొగుడు సూరిబాబు కొబ్బరికాయల పడవ మీద వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. అత్తగారు మహాలక్ష్మమ్మ పొద్దున్నే శొంఠి దంచింది. అన్నం కుండ అటక ఎక్కించింది.

"పిల్లకి ఏదైనా పెట్టాలండి అత్తయ్యా."

"జ్వరం మీద మెతుకు పడితే ఇంకేవైనా ఉందా? ఇంతమందిని పెంచేను, నాకు చెప్తావేంటే నువ్వు? పెట్టి చంపుతావా?"

"పెట్టకే పోయేడండి, ఆడు."

మహాలక్ష్మమ్మ చేతిలో రోకలి ఆగింది.

"ఏవన్నావ్?"

వీరాయమ్మ పీట వేసుకుని అటక మీంచి కుండ దించింది. మెతుకులు మెదిపి, గంజి చేసి తాగించింది. పిల్ల అంతా కక్కేసింది.

"చూసేవా? ఒళ్ళే వద్దంటోంది," అంది అత్తగారు.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ కక్కింది. సాయంత్రం అవుతుండగా మెడ తడిసిపోయింది. కామాక్షి కళ్ళు తేలేసింది. పళ్ళు బిగిశాయి. చెంచా దూరలేదు. వీరాయమ్మ బెల్లం నీళ్ళు చిక్కగా కలిపి, వేలు ముంచి, బుగ్గ లోపల రాసింది. మళ్ళీ ముంచి మళ్ళీ రాసింది. పిల్లని పిలవలేదు, ఏడవలేదు. వేలు ఆడుతూనే ఉంది. బయట వాన పట్టింది, తగ్గింది.

పిల్ల గుటక వేసింది. కాసేపటికి ఇంకో గుటక. తర్వాత కళ్ళు తెరిచి, "అమ్మా, ఇంకా," అంది.

గుమ్మంలో నిలబడిన మహాలక్ష్మమ్మ వచ్చి చాప అంచున కూర్చుంది.

"ఆడు కూడా ఇలాగే పళ్ళు బిగించేడు," అంది.

"ఆయ్."

"నేను శొంఠి అరగదీసి రాసేను."

వీరాయమ్మ అనవలసింది చాలా ఉంది. ఓపిక లేదు. గంజిలో చెంచా ముంచింది. ఒక చెంచాడు పోసి ఆగితే కడుపులో నిలుస్తోంది. తొందరపడితే కక్కుతోంది.

"ఎంతెంత పొయ్యాలి?" అంది అత్తగారు.

"చెంచాడేనండి. అది నిలిచేక ఇంకో చెంచాడు. తెల్లారేదాకా ఆపకూడదండి. మెడ చూస్తా ఉండాలి."

"ఇటియ్యి గిన్ని."

వీరాయమ్మ వెంటనే ఇవ్వలేదు. ఆ చేతుల వంక చూసింది. తన చెంచాలో గంజి అప్పటికే ఒలికిపోతోంది. గిన్నె ఇచ్చేసింది. అక్కడే, పిల్ల కాళ్ళ దగ్గర ఒరిగిపోయింది.

మర్నాడు పొద్దున జ్వరం ఇంకా ఉంది. కామాక్షి గంజిలో ఉప్పు తక్కువైందని మామ్మ మీద అలిగింది. మహాలక్ష్మమ్మ గొణుక్కుంటూ ఉప్పు కోసం లేచింది. వీరాయమ్మ ఆ మాటలు విని కళ్ళు తెరిచింది. ఉప్పు తెస్తున్న అత్తగారిని చూసింది. గోడ వైపు తిరిగి మళ్ళీ పడుకుంది.