అంత ఎత్తున ప్లగ్గులు ఎందుకు

ఏళ్ల తరబడి ఒక ఇంటిని మోస్తున్నాను. నాది కాని ఇల్లు. దాన్ని దించుకునే చోటు దొరక్క మీ దగ్గరికి వచ్చాను. మీరెవరో నాకు తెలియదు, అదే మేలు. తెలిసినవాళ్లకైతే సగం చెప్పి మిగతా సగం మింగేస్తాను. ఆ విద్య నాకు బాగా వచ్చు.

ముందు నా పనేమిటో చెప్పాలి. మీరు ఇల్లు కొనడానికి బ్యాంకులో లోన్ అడిగితే, ఆ ఇల్లు అంత విలువ చేస్తుందో లేదో చూసి రమ్మని బ్యాంకు నాలాంటి ఇంజినీరును పంపుతుంది. వెళ్తాను. టేపు పట్టి కొలుస్తాను, నాలుగు దిక్కులా ఏముందో చూస్తాను, కొనేవాళ్లను ఇంటి ముందు నిలబెట్టి ఫొటో తీస్తాను. మనిషి ఉన్నారు, ఇల్లూ ఉంది అని బ్యాంకుకు నమ్మకం కుదరాలి కదా. తర్వాత రిపోర్టు రాస్తాను. ఈ ఇంటి మీద లోన్ ఇవ్వొద్దని రాస్తే దాన్ని మా వాళ్లు నెగెటివ్ అంటారు. నెగెటివ్‌లు ఎక్కువ రాసేవాడికి పని తగ్గుతుంది. ఎవరూ నోరు తెరిచి అనరు. ఫోన్ మోగడం మానేస్తుంది, అంతే.

ఆమెను కరుణ అంటాను. అసలు పేరు అది కాదు. వరంగల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. రఘునాథపల్లి వైపు ఒక పల్లె నుంచి వచ్చి, మోకాళ్ల నొప్పులున్న తల్లిని వెంటబెట్టుకుని అద్దె ఇళ్లు మారుతూ బతికింది. తల్లి మెట్లెక్కలేదు. కింది పోర్షన్లు చూపించిన ఓనర్లు, చర్చికి వెళ్లేవాళ్లని తెలిశాక ఇల్లు ఖాళీ లేదనేవారు. అందుకే సొంత ఇల్లు. ఆమె ముందు చూసుకున్న ఇంటికి నెగెటివ్ రాసింది నేనే. కాగితాల్లో చూపించిన పర్మిషన్ ఒకటి, అక్కడ కట్టింది ఒకటి. న్యాయంగానే రాశాను. ఆమె నాతో గొడవ పడలేదు. "మీరు చెప్పి మంచి చేసిండ్రు సార్, లేకుంటె మునుగుదుము" అంది. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నాకు నా మీదే నవ్వొస్తుంది. మంచి నవ్వు కాదు.

రెండో ఇల్లు మట్టెవాడ దాటాక, ఒక సందు చివర. ఎండాకాలం. ఖాళీ ఇల్లు, కొత్త రంగు వాసన. లోపల అడుగుపెట్టగానే నాకు విషయం తెలిసిపోయింది. దీనికి గొప్ప తెలివేం అక్కర్లేదు. ప్రతి గదిలోనూ ప్లగ్గులు నా ఛాతీ ఎత్తున ఉన్నాయి. కిందుండాల్సినవి కూడా పీకి పైకి జరిపారు, పాత గుంతలు సిమెంటుతో పూడ్చిన మచ్చలు రంగు కింద తెలుస్తూనే ఉన్నాయి. వెనక మోటారు స్టార్టరైతే స్టూలు వేసుకుంటే తప్ప అందదు. ఉత్తరం గోడ అవతల వాన నీళ్లు పోయే నాలా. అప్పుడు అందులో నీళ్లు లేవు, సర్కారు తుమ్మ మొలిచి ఉంది. వాన గట్టిగా కొడితే ఆ నాలా ఎక్కడికొస్తుందో ఆ ప్లగ్గులు చెబుతున్నాయి. ఈ ఇంట్లో ఉన్నవాళ్లు ఒకసారి కాదు, చాలాసార్లు తడిశారు.

కరుణ కూడా చూసింది. ఆమె కళ్లు చురుకైనవి.

"ప్లగ్గులు గింత మీదికి ఎందుకు పెట్టిండ్రు సార్?"

నేను టేపు చుట్టుకుంటున్నాను. చుట్టడం అయిపోయినా చుట్టుకుంటూనే ఉన్నాను.

"ఇంట్ల చిన్నపిల్లలుంటె ఏళ్లు పెడ్తరు కదమ్మా. పిల్లలకు అందకుంట పెట్టుకుంటరు."

"మంచి ఆలోచనే" అంది.

అంతే. ఇంతకంటే పెద్ద మాటలేమీ జరగలేదు. నోట్లోంచి ఎంత సులువుగా వచ్చింది ఆ మాట! ముందుగా అనుకుని వెళ్లింది కాదు. అబద్ధం చెప్పడానికి ఆలోచించుకోవాలనుకునేవాణ్ణి అంతవరకు. నిజం చెప్పడానికే ఆలోచించుకోవాల్సి వస్తుందని అప్పుడు తెలిసింది.

తర్వాత బయటికి వచ్చాం, ఫొటో తీయాలి. తల్లీ కూతురు గేటు ముందు నిలబడ్డారు. ఫోన్ పైకెత్తి చూస్తే ఇంటి పక్కనుంచి నాలా గట్టు, దాని మీద పేరుకున్న చెత్త కనపడుతున్నాయి. బ్యాంకులో ఎవరైనా అడుగుతారు, ఇదేమిటని. "కొంచెం ఆ పక్కకు జరగండమ్మా. ఇంకొంచెం. అమ్మను దగ్గరికి తీసుకోండి" అన్నాను. ఫొటో మంచిగా రావడానికి అనుకున్నారు. కరుణ తల్లి కొంగు సర్దింది. "నవ్వాల్నా సార్?" అని అడిగింది. నవ్వమన్నాను. నవ్వారు. రిపోర్టులో ఉత్తరం హద్దు దగ్గర ఖాళీ స్థలం అని రాశాను. ఎండాకాలంలో అది ఖాళీగానే ఉంది కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. ఆ ఫొటో తనకూ కావాలంటే పంపాను. సొంత ఇంటి ముందు తీయించుకున్న మొదటి ఫొటో సార్, అంది.

ఎందుకు చేశాను?

లంచం తీసుకోలేదు. ఎవరైనా ఇచ్చి ఉంటే బాగుండేది అనిపిస్తుంది ఒక్కోసారి, తప్పులో వాటాకు ఇంకొకడు దొరికేవాడు. అప్పటికి వరసగా నెగెటివ్‌లు రాసి ఉన్నాను. లోన్ ఏజెంటు నవ్వుతూనే, "మీ చేతులకెళ్లి ఒక్క ఇల్లన్న బయట పడ్తదా సార్?" అన్నాడు. ఆ నవ్వుకు భయపడ్డాను. అది అసలు కారణం. కానీ చాలాకాలం నాకు నేను చెప్పుకున్న కారణం వేరు: పాపం, ఆమెకు మళ్లీ కాదని చెప్పలేకపోయాను, ఆమె కోసమే చేశాను, ఇల్లంటూ లేకుండా పోవడం కంటే అప్పుడప్పుడూ నీళ్లొచ్చే ఇల్లు నయం కదా అని. ఎంత బాగా ఉందో చూడండి. జాలి అనే పేరు పెట్టుకుంటే పిరికితనం కూడా ఎంత పెద్దమనిషిలా కనపడుతుందో.

కొన్నేళ్లకు ఆ వాన వచ్చింది. ఊరంతటికీ తెలుసు. తెల్లవారాక కరుణ ఫోన్ చేసింది. తిట్టడానికే చేసిందనుకుని తీశాను, తిట్టలేదు. "సార్, ఇంట్లకు నీళ్లొచ్చినయి. అమ్మను వంటగది బండ మీద కూసోబెట్టిన. నా నర్సింగ్ సర్టిఫికెట్లు నానినయి. లోన్ తోని ఇన్సూరెన్స్ ఏమన్న ఉంటదా?" అని అడిగింది. బ్యాంకులో కనుక్కోమన్నాను. వెళ్లి చూడాల్సింది. వెళ్లలేదు. ఆ తర్వాత ఆ సందు వైపు పని పడితే చుట్టు తిరిగి పోయేవాణ్ణి. మబ్బు పడితే చాలు, ఆ బండ మీద కూర్చున్న ముసలామె గుర్తొచ్చేది. నేనెన్నడూ చూడని దృశ్యం అది. చూసిన వాటికంటే అదే బాగా గుర్తుంది.

ఈ మధ్య ఒక ఫైలు వచ్చింది. అడ్రస్ చూస్తే ఆ సందే. కరుణ ఇల్లు అమ్ముతోంది. వద్దని వేరేవాళ్లకు పంపించొచ్చు. ఏమో, ఈసారి వెళ్లాను.

కొనేవాళ్లు చిన్న వయసు జంట, చంకలో బిడ్డ. కరుణ ఇంటికి కొత్త రంగు వేయించింది. ఆమె తల్లి ఇటుకల మీదికి ఎత్తిన మంచం మీద కూర్చుని ఉంది. కొనే అమ్మాయి గదులన్నీ తిరిగి వచ్చి కరుణను అడిగింది, ప్లగ్గులు ఇంత పైన ఎందుకున్నాయక్కా అని.

కరుణ ఆమె వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"చిన్నపిల్లలు ఏళ్లు పెడ్తరు కదా. పిల్లలకు అందకుంట పెట్టుకుంటరు" అంది.

నా మాటే. పొల్లు పోలేదు. అంటే ఆమెకు ఎప్పుడో అర్థమైంది. అర్థమై, ఒక్క మాట అనకుండా, దాచుకుని, ఇప్పుడు నా చేతికే తిరిగి ఇచ్చింది. మీరు మళ్లీ ఊరుకుంటారు కదా సార్, అని అడుగుతోంది ఆ చూపు. ఊరుకుంటే ఆమె ఆ ఇంట్లోంచి బయటపడుతుంది. ఆ బిడ్డ లోపలికొస్తుంది.

"నీళ్లొస్తయమ్మా. వెనక నాలా ఉంది. అందుకే పైకి పెట్టిండ్రు" అన్నాను.

ఆ జంట మర్యాదగానే వెళ్లిపోయారు. గేటు చప్పుడు విన్నాక కరుణ మెల్లగా అడిగింది.

"గా మాట గప్పుడెందుకు రాకపాయె సార్, మీ నోట్లకెళ్లి?"

"తెలిసే చెప్పలేదమ్మా. నా పని పోతదని."

తల ఊపింది. కోప్పడలేదు, క్షమించానని కూడా అనలేదు. తల్లికి మాత్ర వేసే టైమైందని లోపలికి పోయింది. నా అబద్ధానికీ ఆమే నష్టపోయింది, నా నిజానికీ ఆమే నష్టపోయింది. నేను మాత్రం రెండుసార్లూ ఫీజు తీసుకున్నాను. ఈసారి రిపోర్టులో ఉత్తరాన నాలా అని రాశాను. ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు.

బయల్దేరబోతుంటే మంచం మీదినుంచి తల్లి పిలిచింది. ప్లగ్గుల పైన, నీళ్లు అందని ఎత్తులో, గోడకు ఫ్రేము కట్టించిన ఫొటో ఉంది.

"మీరు తీసిందే సారూ. అన్ని పాడైనయి గని అదొక్కటి మంచిగున్నది. ఇద్దరం మంచిగొచ్చినం" అంది.

అవునమ్మా అన్నాను.

కరుణకు ప్లగ్గుల సంగతి తెలుసు. ఫొటో సంగతి తెలియదు. ఆ ఫొటోలో వాళ్లిద్దరూ ఒకరికొకరు ఆనుకుని నవ్వుతున్నచోట, సరిగ్గా వాళ్ల వెనకాల, నాలా ఉంది. అది కనపడకుండా వాళ్లనే అడ్డం నిలబెట్టాను. అక్కడ చెప్పలేకపోయాను. మీకు చెప్పాను.