నులకతో కట్టిన చేపల తొట్టి

"గోడకి ఇనప పట్టీలు ఏయిద్దామంటే నీకేటే నొప్పి?"

"నొప్పి నాకు కాదు, గోడకి. మొన్ననే రంగేసిన గోడకి బెజ్జాలెట్టేస్తావా?"

"మళ్లీ భూమి ఊగితే తొట్టి బోర్లా పడతాది. సేపలు సచ్చిపోతాయే."

"ఇంట్లో తాడున్నాది. కొనడం మాను."

అడిగింది మా ఆయన, ఆపింది నేను. ఈ పోట్లాటలో నేనే గెలిచాను. గెలిచినందుకు మా హాల్లో చీలమండ లోతు నీళ్లు నిలిచాయి. ఆ సంగతే చెబుతాను. మీరు కాస్త కాళ్లు పైకి పెట్టుకుని కూర్చోండి.

రైసుమిల్లులో పని మానేశాక మా ఆయన విజయనగరం నుంచి మంచమంత గాజు తొట్టి తెప్పించాడు. గోరంత చేపపిల్లల్ని వేసి, మేపి మేపి, అరచేయంత బంగారు చేపల్ని చేశాడు. నాతోకన్నా వాటితోనే ఎక్కువ మాట్లాడేవాడు. నాది కళింగపట్నం. చేపను ఎండబెట్టడం తెలుసు గాని, దానికి మేత వేసి మురిసిపోవడం మా పుట్టింట ఎవరూ ఎరగరు.

మేం పోట్లాడుకున్న వారమే భూమి ఒకసారి ఊగింది. గిన్నెలు గలగలమన్నాయి, తొట్టిలో నీళ్లు తొణికి కొన్ని నేల మీద పడ్డాయి. అంతే. ఆయనకు మాత్రం అన్నం సహించలేదు. తొట్టి అమ్మిన షాపతనికి ఫోను చేస్తే, స్టాండును గోడకు పట్టీలతో బిగించమని, నీళ్లు కాస్త తగ్గించమని చెప్పాడట.

మా ఊళ్లో తుఫాను వస్తుందంటే ఇంటి కప్పును తాళ్లతో కట్టేసేవాళ్లం. గాలికి ఆగిన కట్టు భూమికి ఆగదా అనుకున్నాను.

ఆయన ఆమదాలవలస వెళ్లగానే అటక మీంచి పాత మంచం నులక దించాను. బాలింతకు నడికట్టు కట్టినట్టు తొట్టికి చుట్ల మీద చుట్లు వేశాను. కొసలు కిటికీ ఊచలకు కట్టి, మధ్యలో పప్పుగుత్తి దూర్చి మెలితిప్పాను. తొట్టి కిర్రుమంది. అది బలం అనుకున్నాను. నులక మంచం వదులైతే ఏం చేస్తాం? నీళ్లు చల్లుతాం, బిగుసుకుంటుంది. ఇక్కడా దోసిళ్లతో చల్లాను.

సాయంత్రం ఆయన వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"ఏటిది?"

"తొట్టి."

"సేపలు కనపడ్డం లేదు."

"కనపడకపోతే ఏటి? కదల్దు."

ఆయన నేల మీద కూలబడి, నులక సందులోంచి తన చేపల్ని వెతుక్కుంటున్నాడు. అప్పుడే ఠప్పుమంది. గాజు మీద మూల నుంచి మూలకు గీత పడింది. తర్వాత గీతా లేదు, గాజూ లేదు. మా ఆయన నిలువునా తడిసి, భూకంపం భూకంపం అంటూ వీధిలోకి పరుగెత్తాడు. ఆ అరుపుకు వీధంతా బయటికొచ్చి నిలబడింది. భూమి నిమ్మళంగా ఉంది. మా గుమ్మంలోంచి మాత్రం ఏరు పారుతోంది.

సంగతి తెలిసి ఆయన లోపలికి ఉరికాడు. ఇద్దరం మోకాళ్ల మీద పాకుతూ చేపల్ని ఏరి, దొరికిన ప్రతి బిందెలోనూ వేశాం. ఒక్కటీ చావలేదు. చివరి చేపను వదిలాక ఆయన నా వైపు చూశాడు.

"భూమి ఊగినపుడు బాగానే ఉన్నాయి. నువ్వు కాపాడినపుడే సావబోయాయి."

ఆ తడి నేల మీదే నిలబడి ఒట్టు పెట్టుకున్నాను. ప్రాణమున్న దేన్నీ ఇకమీదట నేను కాపాడను. అది కట్టుకున్న మొగుడైనా సరే.

మర్నాడు పొద్దున్న వీధి కుళాయికి నీళ్లొచ్చాయి. మా బిందెలన్నిటిలో చేపలున్నాయి. నేను టీ గ్లాసు పట్టుకుని వరసలో నిలబడ్డాను.