తీపి పోయేదాకా

తడి ఫోటోను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంటాడు. మూల నుంచి జారే నీటిచుక్కను నాలుక చివర వేసుకుంటాడు. కళ్ళు మూసుకుంటాడు. ఎదుట నిలబడ్డవాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తారు. కళ్ళు తెరిచి, "ఇంకా తీపి పోలా" అంటాడు. ఫోటో మళ్ళీ బకెట్లోకి వెళుతుంది.

సిలాసుకు ఉన్న జబ్బు ఇదొక్కటే. అతని డబ్బా కెమెరా మీద తెల్లరంగుతో "నిమిషంలో ఫోటో" అని రాసి ఉండేది. ఆ మాట అబద్ధం కాదు. ఫోటో నిమిషంలోనే తయారయ్యేది. మన చేతికి మాత్రం వచ్చేది కాదు.

అది మూడు కాళ్ళ మీద నిలబడే చెక్కడబ్బా. ముందు కన్ను, పక్కన చెయ్యి దూర్చడానికి నల్లగుడ్డ తొడుగు. వంటిల్లంతా దాని కడుపులోనే. లోపల రెండు పళ్ళేలు. మొదటి పళ్ళెంలోని మందు బొమ్మను పైకి రప్పిస్తుంది. రెండోదానిలో ఉండే హైపో ఆ బొమ్మను నిలబెడుతుంది. పని అయ్యాక ఆ హైపో కాగితంలో మిగిలిపోతే, తను నిలబెట్టిన బొమ్మను తనే మెల్లగా తినేస్తుంది. దాని రుచి తీపి. సిలాసు నాలుక కనిపెట్టుకుని ఉండేది దాని కోసమే.

డెబ్బైల చివర ఢిల్లీలో తెలుగువాళ్ళు ఎక్కడ పోగైనా అతను ఉండేవాడు. ఉగాది, పెళ్ళి, క్రిస్మస్, ఏదైనా సరే. పిలిచినవాళ్ళే పిలిచినందుకు విచారించేవాళ్ళు.

సరోజినీ నగర్ క్వార్టర్ల మధ్య షామియానా వేసి లక్ష్మీపతి గారు కూతురి పెళ్ళి చేశారు. నీళ్ళకు కటకట. ట్యాంకరు తెప్పించి రెండు డ్రమ్ములు నింపించారు. భోజనాలయ్యాక మగపెళ్ళివారు చేతులు కడుక్కోవడానికి వెళితే, రెండు డ్రమ్ముల్లోనూ పెళ్ళికొడుకు తేలుతున్నాడు. ఒకదానిలో బుగ్గన చుక్కతో, ఇంకోదానిలో బాసికంతో.

"ఏంటయ్యా ఇది?" అన్నారు లక్ష్మీపతి గారు, ఎంగిలి చెయ్యి గాలిలో పట్టుకుని.

"బాసికంలో ఇంకా తీపి పోలేదండీ."

"మా చేతులకు పప్పు పోవద్దా?"

"పప్పు ఏం చేయదండీ. హైపో అయితే మొహం తినేస్తది."

మగపెళ్ళివారు ఆ పూట హిందీ పేపరుకు చేతులు తుడుచుకున్నారు. పైగా పెళ్ళికూతురి ఫోటో మీది నీళ్ళు అతను నాలుకకు రాసుకోవడం చూసి ఆమె మేనత్త గయ్యిమంది. "అయితే మీరే చూడండమ్మా" అని సిలాసు ఫోటో ఆవిడకే ఇచ్చాడు. ఆవిడ ఓ చుక్క నాలుక మీద వేసుకుని, "నిజమే వదినా, తియ్యగానే ఉంది" అంది. వదిన చూసింది. వదిన తోడికోడలు చూసింది. కాసేపటికి అక్కడ వరుస కట్టారు.

చలికాలం వస్తే ఇంకో గొడవ. చలికి మందు బిగుసుకుపోయి బొమ్మలు బూడిదలో పడి లేచినట్టు వచ్చేవి. మందు పళ్ళెం పట్టుకుని వంటవాళ్ళ పొయ్యి దగ్గరికి చేరేవాడు. "సిలాసన్నా, నా పులావులో నీ మందు పడితే జనం చస్తారు" అని వంట ధర్మయ్య గరిటెతో అడ్డం నిలిచేవాడు. "నీ పులావు నా మందులో పడితే నా ఫోటోలు చస్తయి. నాకూ భయమే" అనేవాడు సిలాసు.

ఇవన్నీ తలుచుకుని నవ్వినవాళ్ళలో మార్త ఒకతె. ఆమె ఆస్పత్రిలో నర్సు, పాలకొల్లు అమ్మాయి. నర్సులంతా ఒకచోట చేరితే ఎవరో ఒకరు టీ చుక్క నాలుక మీద వేసుకుని కళ్ళు మూసేవాళ్ళు. మిగతావాళ్ళు పొట్ట పట్టుకునేవాళ్ళు.

ఆ ఏడు క్రిస్మస్ కూడిక నాడు మాత్రం మార్తకు నవ్వు రాలేదు.

భర్త పోయాక ఆమె ఈ ఉద్యోగానికి వచ్చింది. హాస్టల్లో పిల్లల్ని ఉంచనివ్వరు. నాలుగేళ్ళ ప్రేమకుమారి అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. వచ్చిన కొత్తలో మార్త ఒక ఎగ్జిబిషన్‌లో కుర్చీలో కూర్చుని, అప్పటికప్పుడు చేతికిచ్చే ఫోటో తీయించుకుని ఊరికి పంపింది. మొన్న వేసవిలో సెలవు మీద వెళితే, పిల్ల అమ్మమ్మ చీర చాటుకు పోయింది. "ఈవిడెవరు? మా అమ్మ అదుగో" అని గోడ చూపించింది. గోడ మీది ఫోటోలో మొహం పసుపు పచ్చగా కరిగిపోయింది. మిగిలింది కుర్చీ. పిల్ల రోజూ రాత్రి కుర్చీకి దణ్ణం పెట్టి పడుకుంటోందట.

ఆస్పత్రిలోనే పనిచేసే అంద్రెయది పాలకొల్లు పక్క ఊరే. ఈ సాయంత్రం మద్రాసు బండికి వెళుతున్నాడు. మళ్ళీ మనిషి దొరికేది ఎప్పుడో. ఫోటో ఇవాళే కావాలి.

చర్చి ఆవరణలో సిలాసు డబ్బా ముందు నిలబడింది మార్త. అతను ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఎవరికమ్మా ఫోటో?"

ఆ ప్రశ్న అందరికీ ఒళ్ళుమంట. ఫోటో తీసేవాడికి ఆ ఆరా ఎందుకని. మార్త చెప్పింది. కుర్చీ సంగతీ చెప్పింది. సిలాసు వెనకున్న కుర్చీని కాలితో దూరంగా నెట్టేశాడు.

"నిలబడు" అన్నాడు.

ఫోటో చక్కగా వచ్చింది. బకెట్లోకి వెళ్ళింది. మార్త పులావు తిని వచ్చింది. "తీపి పోలా." పాటలు పాడి వచ్చింది. "తీపి పోలా." ఈలోగా ముఖ్య అతిథిగా వచ్చిన భీమేశ్వరరావు గారు, పెద్ద ఆఫీసరు, డబ్బా ముందు నిలబడ్డారు.

"ఎవరికండీ?"

"నాకేనయ్యా. డ్రాయింగ్ రూములో పెట్టుకోడానికి. త్వరగా కానీ, టైమ్ లేదు."

సిలాసు ఆయన ఫోటోను ఒక్కసారి నీళ్ళలో ముంచి తీసి, విదిలించి చేతికిచ్చేశాడు. నాలుక బయటికే రాలేదు. మార్త కళ్ళారా చూసింది.

"అదేంటండి అంకుల్! ఆయనగారిది తియ్యగా ఉన్నా పర్లేదా?"

"ఆయన సంగతి వేరులే అమ్మా."

"వేరే మరి. ఆఫీసర్లకి నిమిషం, నర్సులకి నాలికా. ఇచ్చేయండి, అక్కడ బండి వెళ్ళిపోద్ది!"

సిలాసు ఫోటో ఎత్తాడు. చుక్క వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

మార్త ఆ కళ్ళు తెరుచుకునేదాకా ఆగలేదు. అంద్రెయతో కలిసి ఆటో ఎక్కేసింది. "పోనీలే అక్కా, నువ్వు బాగున్నావని నోటితో చెప్తానులే" అన్నాడు అంద్రెయ. నోటితో చెబితే గోడకు ఎలా తగిలిస్తారని ఆమె అడగలేదు.

బండి కూత వేసే వేళకు ప్లాట్‌ఫారం మీద కూలీలను తోసుకుంటూ సిలాసు వచ్చాడు. గుండెలకు హత్తుకున్న స్టీలు క్యారియరు. చొక్కా ముందంతా తడి.

"అంద్రెయా, ఇది పట్టు."

"భోజనం తెచ్చుకున్నానండి అంకుల్."

"భోజనం కాదురా. మార్త."

మూత తీశాడు. అడుగున నీళ్ళలో మార్త వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తోంది.

"మథురలో నీళ్ళు మార్చు. ఆగ్రాలో మార్చు. గ్వాలియర్‌లో మార్చు. ఝాన్సీలో బయటికి తీసి తువ్వాలు మీద ఆరేసుకో. తీసేముందు నాలుక మీద..."

"ఛీ, నేను చెయ్యనండి."

"చెయ్యాల. చెయ్యకపోతే పిల్ల మళ్ళా కుర్చీకే దణ్ణం పెడతది."

అంద్రెయ క్యారియరు తీసుకున్నాడు. మార్తకు ఇంకా కోపం పోలేదు. "మరి ఆఫీసరుగారికి ఎందుకు ఇచ్చేశారండి?" అంది.

సిలాసు ఆయాసం తీర్చుకుని అన్నాడు. "ఆయన ఫోటో ఆయన ఇంట్లోనే గదా అమ్మా ఉండేది. అది పాడైతే ఏం? ఆయన పక్కనే ఉంటాడు. మీ ఇంట్లో ఫోటో పక్కన నువ్వు ఉండవు గదా."

బండి కదిలింది. క్యారియరు ఒలక్కుండా రెండు చేతులతో పట్టుకుని అంద్రెయ గుమ్మంలో నిలబడే వెళ్ళాడు. ఎర్రదీపం కనబడినంతసేపూ మార్త అటే చూసింది. తనలో కొంత దక్షిణానికి వెళుతోంది. మిగిలింది డ్యూటీకి వెళ్ళాలి.

మర్నాడు పొద్దున హాస్టలు గేటు దగ్గర మంచులో ఏదో మూడుకాళ్ళ జంతువు నిలబడి ఉందని చౌకీదారు వచ్చి చెప్పాడు. మార్త వెళ్ళి చూస్తే డబ్బా కెమెరా. పక్కన బకెట్టు, పరుపుచుట్ట, పాలక్యాను. వాటి మధ్య సిలాసు.

"నిద్ర పట్టలా" అన్నాడు. "అంద్రెయ మథురలో టీ తాగుతాడు. ఆగ్రా దాటితే పడుకుంటాడు. వాణ్ణి నమ్మి నిన్ను పంపించి తప్పు జేశా. నీ నెగెటివ్ నా దగ్గరే ఉంది గదా, దాన్నుంచి ఇంకోటి తీసి కడిగా. పొద్దుటి బండికి నేనే తీసుకెళ్తున్నా."

"ఒక్క ఫోటో కోసం అంత దూరమా అండి!"

"ఒక్కటి గాదు. రెండు. పిల్ల ఫోటో నీ దగ్గరుందా?"

మార్త తల అడ్డంగా ఊపింది.

"మరి! అది కూడా తేవాల గదా" అన్నాడు సిలాసు, ఇంత చిన్న లెక్క ఆమెకు తెలియనందుకు విసుక్కుంటూ. అంతలో ఏదో గుర్తొచ్చింది. "మీ ఊళ్ళో నీళ్ళు ఎట్టా ఉంటయ్?"

"గోదావరి కాలవ నీళ్ళండి. తియ్యగా ఉంటాయి."

సిలాసు మొహం వాడిపోయింది.

"తియ్యగానా? అట్టయితే నా నాలుకకు ఏం తెలుస్తది?"

పాలక్యాను తీసుకుని తిన్నగా హాస్టలు కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఒక చుక్క నాలుక చివర వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఏ రుచీ లేదు. బ్రహ్మాండం" అని క్యాను అంచుదాకా పట్టాడు.

"అంకుల్‌జీ, పానీ కహాఁ లే జా రహే హో?" అన్నాడు చౌకీదారు, ఆ నీళ్ళు ఎక్కడికి మోసుకెళుతున్నాడో అర్థం కాక.

"గోదావరి" అన్నాడు సిలాసు.

కెమెరా భుజాన వేసుకుని, బకెట్టులో పరుపుచుట్ట కుక్కుకుని, క్యాను పట్టుకుని బస్‌స్టాపు వైపు నడిచాడు. మార్తకు అప్పుడు నవ్వు వచ్చింది. గేటు పట్టుకుని గట్టిగా కేకేసింది.

"అంకుల్! దాన్ని కుర్చీలో కూర్చోబెట్టకండి!"

సిలాసు వెనక్కి తిరగకుండానే, తెలుసన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆ చేతిలోనే క్యాను ఉంది. కొన్ని నీళ్ళు ఒలికాయి. అతను ఆగి, క్యానులోకి తొంగిచూసి, మళ్ళీ కుళాయి దాకా వచ్చి, ఒలికినంత నింపుకుని, బయల్దేరాడు.