అన్న కాలి కింది మీట

మా బ్యాండులో గిటారు వాయించే అన్నని అందరూ డబ్బా అంటారు. పగలంతా మెట్ల కింద ఇరుకు గదిలో ఫోన్లు బాగుచేస్తాడు. మిగతా వేళల్లో ఆఫీసు పార్టీలకీ, విందులకీ మాతో వస్తాడు. నడుము పట్టేశాక బరువైన సౌండు పెట్టెలు మోయలేక, అరచేతిలో పట్టే కంప్యూటరు బోర్డొకటి స్టీలు టిఫిన్ డబ్బాలో బిగించి, పవర్ బ్యాంకుతో నడిపే యంత్రం తయారు చేసుకున్నాడు. గిటారు వైరు అందులో గుచ్చితే గుహలో వాయించినట్టు, నూతిలో వాయించినట్టు, ఎలా కావాలంటే అలా మోగుతుంది. డబ్బా అనే పేరు అలా వచ్చింది. చాలా మంచివాడని ఇంకో పేరు కూడా ఉంది. నా గొడవంతా ఆ రెండో పేరుతోనే.

నేను డ్రమ్స్ వాయిస్తాను. ఎప్పుడూ వెనక కూర్చునేవాణ్ణి కాబట్టి నాకు జనం ముఖాల కంటే మావాళ్ల వీపులూ కాళ్లే బాగా తెలుసు.

పాడేది వదిన, అంటే డబ్బా భార్య. ఒకప్పుడు ఆవిడ నోరు విప్పితే ప్లేట్లు పట్టుకుని తిరిగే కుర్రాళ్లు కూడా నిలబడిపోయేవారు. గొంతులో గడ్డకి ఆపరేషన్ అయ్యాక శ్రుతి జారడం మొదలైంది. పై స్థాయికి వెళితే చాలు, గొంతు మాట వినేది కాదు. డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది.

"రోజూ ఉత్త గొంతుతో సాధన చెయ్యాలి. వినడానికి ఘోరంగా ఉంటుంది, అయినా చెయ్యాలి. ఈ ఏడాది పట్టు వదలకపోతే తిరిగి రావచ్చు. తర్వాతైతే కష్టమమ్మా."

వదిన చేసింది. చేస్తూ ఏడ్చేది. ఆ ఏడుపు చూడలేక మా మంచివాడు డబ్బాలో ఇంకో ప్రోగ్రాం ఎక్కించాడు. గొంతు ఎక్కడ జారినా పట్టుకుని సరైన స్వరం మీద నిలబెట్టే ప్రోగ్రాం. మొదట్లో పాడిన మాట కాస్త ఆలస్యంగా వినపడేది, బోర్డు పెనంలా కాలేది. ఆ తేడా చెవికి తెలియనంతగా తగ్గేదాకా తిండి మానేసి కూర్చున్నాడు. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. పాటల మధ్య వదిన జనంతో మాట్లాడితే ఆ మాటలు కూడా రాగం తీసేవి. అందుకని కాలితో తొక్కే మీట పెట్టాడు. తొక్కి ఉంచినంతసేపే గొంతు దిద్దుతుంది. వదిన అడిగితే గిటారు కోసమన్నాడు.

తన పాట తను వినడానికి వదిన చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్‌లోకి కూడా దిద్దిన గొంతే పంపాడు. ఇంట్లో సాధన సైతం, మైకు అలవాటు తప్పకూడదంటూ, ఎదురుగా కూర్చుని మీట తొక్కుతూ డబ్బాలోంచే చేయించాడు. పిచ్చిది, గొంతు తిరిగొచ్చిందనుకుంది. ఉత్త గొంతు సాధన అటకెక్కింది. డాక్టరమ్మ చెప్పిన ఏడాది చప్పట్ల మధ్య గడిచిపోతూ వచ్చింది.

"ఇప్పటికైనా చెప్పెయ్యన్నా," అన్నాను.

"సంతోషంగా ఉందిరా. ఎందుకు చెడగొట్టడం?" అన్నాడు.

ధైర్యంతో పాటు వదినకి నోరూ లేచింది. ఒక పెద్ద హోటల్లో రోజూ పాడే ఉద్యోగముందని తెలిసి తనే ఫోన్ చేసింది. ముక్కూ మొహం తెలియని వాళ్ల విందుల్లో ప్లేట్ల చప్పుడు మధ్య పాడటం ఇక ఆవిడ వల్ల కాదు. వచ్చే జన్మంటూ ఉంటే దాన్ని కూడా ఆ ఉద్యోగానికి రాసిచ్చేసేది. హోటల్ మేనేజరు ఒక మధ్యాహ్నం, మేం వాయిస్తున్న ఆఫీసు విందుకే మా పాటలు వినడానికి వచ్చాడు. తల ఊపుతూనే ఉన్నాడు. విరామంలో స్టేజీ దగ్గరికొచ్చి, "మీవారు కూడా వస్తారా మేడమ్?" అని అడిగాడు.

వదిన నవ్వింది. "ఆయనెందుకండీ? మీ దగ్గర మంచి గిటారిస్టులున్నారుగా. ఈయన నన్ను పట్టుకుని వేలాడుతున్నాడంతే."

మైకు ఆన్‌లోనే ఉంది. హాలంతా నవ్వింది. డబ్బా కూడా నవ్వాడు.

తర్వాతి పాట వదినే ఎంచుకుంది. చరణంలో గొంతు పైకి ఎక్కాల్సిన చోట, డబ్బా మీట మీంచి కాలు తీసి నెమ్మదిగా పక్కన పెట్టాడు. బూటు లేసు చూసుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

తన అసలు గొంతు వదిన చెవిలో పడింది. ఇయర్‌ఫోన్ పాడైందనుకుని పీకేసింది. స్పీకర్లలోనూ అదే గొంతు. మళ్లీ ఎత్తుకుంది, ఇంకా కిందికి జారింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు ఫోన్ చూసుకుంటూ బయటికి నడిచాడు. అతను తలుపు దాటాక కాలు మళ్లీ మీట మీద పడింది. మిగతా చరణం వంక పెట్టడానికి వీల్లేకుండా సాగింది. పాడుతూనే వదిన ఆ కాలిని చూసింది.

అందరూ వెళ్లాక అడిగింది. "ఎప్పట్నుంచి?"

"ఆపరేషన్ తర్వాత నుంచీ."

"ఇప్పుడు సాధన మొదలుపెడితే?"

"ఏడాది దాటిపోయిందిగా," అన్నాడు వైర్లు చుట్టుకుంటూ, ఎంతో ప్రేమగా. "అయినా నీకేం భయం? నేనున్నాగా."

వాణ్ణి ఆ వైర్లతోనే కట్టేయాలనిపించింది నాకు.

వదిన ఇప్పటికీ మాతోనే పాడుతోంది. డబ్బా ఇప్పటికీ మంచివాడే, ఎవరినడిగినా చెబుతారు. ప్రతి పాటకీ ముందు వదిన తల తిప్పి ఆయన కాలి వైపు చూస్తుంది. కాలు కదలదు. జనం ఎదురుచూస్తుంటారు. మైకు చేత్తో మూసి, "తొక్కండి" అంటుంది మెల్లగా. ఆయన వినపడనట్టు గిటారు తీగ సవరించుకుంటాడు. రెండోసారి "తొక్కండి, ప్లీజ్" అంటుంది.

అప్పుడు తొక్కుతాడు.