ఎదురెండలో వర్తూరు రోడ్డు

ఆయుధపూజ అయిన రెండో రోజు, దీపావళి సరుకు కోసం మాలూరు నుంచి బెంగళూరుకు పొద్దుటి ప్యాసింజరు ఎక్కాను. మాలూరులో మాది చిన్న బట్టల అంగడి. ఇది తొంభైల మధ్య సంగతి. అప్పటికి మారతహళ్ళి దాటితే బెంగళూరు అయిపోయినట్టే. రైల్లో కూర్చునే చోటు దొరకలేదు. వాకిలి దగ్గర నా పక్కన నిలబడ్డ ముసలాయన, "పండగ ముందర చిక్కపేటకా? జేబు కాదప్పా, చెప్పులు భద్రంగా చూసుకో" అని నవ్వించాడు.

ఆయన మాట నిజమే. చిక్కపేట టోకు బట్టల బజారు సందుల్లో తోపుడుబండ్లు, మూటలు మోసేవాళ్ళు మన కాళ్ళను కాళ్ళుగా చూడరు. చీరలు, పంచెలు, లంగా గుడ్డలు ఏరి మూటలు కట్టించేసరికి చీకటి పడింది. వీధి చివర మెస్సులో రాగిముద్ద, ఆకుకూర సారు తిని పక్క లాడ్జిలో పడుకున్నాను. ఆ గదిలోకి నల్లులు నాకంటే ముందే దిగి ఉన్నాయి.

తెల్లారీతెల్లారకముందే నారాయణప్ప టెంపో తెచ్చాడు. మా సరుకు చాలా ఏళ్ళుగా అతనే తోలుతున్నాడు. తాగుడు లేదు, దూకుడు లేదు. బండికి పూజ జోరుగా చేసినట్టున్నారు. ముందు బంతిపూల దండ, అరటి పిలకలు. అద్దం మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా మూడు విభూతి పట్టెలు, వాటి నడుమ గంధం, కుంకుమ. అన్నీ ఎండి గట్టిపడి ఉన్నాయి.

దొమ్మలూరు దాటేసరికి సూర్యుడు సరిగ్గా రోడ్డు కొసన లేచాడు. ఆ రోడ్డు తూర్పుకే పోతుంది. అద్దం మీది విభూతంతా ఒక్కసారిగా వెలిగిపోయింది. నాకు కళ్ళు తెరవడమే కష్టమైంది.

"నారాయణప్పా, ఆపు. అది తుడిచేద్దాం" అని తువ్వాలు తీశాను.

"పూజ బొట్టు తుడవకూడదన్నా. మా ఇంటామె పెట్టింది. అదంతకదే రాలిపోవాల."

"పోనీ, ఎండ పైకెక్కేదాకా టీ తాగుదాం."

"మల్లా ఇంకో లోడుండాది. లారీ నీడలో పోతాంలే."

ముందు ఒక ఇటుకల లారీ పోతోంది. దాని వెనక ఉన్నంతసేపూ నిజంగానే అన్నీ కనిపించాయి. మారతహళ్ళి దాటి వర్తూరు రోడ్డు మీద కొంత దూరం పోయాక, ఆ లారీ చెప్పాపెట్టకుండా ఎడమకు తిరిగింది. అంతే, మా ముందు రోడ్డు లేదు. అద్దమంతా తెల్లగా మండుతోంది. నారాయణప్ప నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. దబ్బుమని చప్పుడైంది.

దిగి చూస్తే సైకిలు బంపరు కింద ఉంది, మనిషి కాలువగట్టున పడి ఉన్నాడు. రాత్రి కాపలా పని దిగి ఇంటికి పోతున్న వాచ్‌మన్. ఇద్దరం పట్టి ఆటోలో పడుకోబెట్టాం. జనం నారాయణప్పను పోనివ్వలేదు, నేనొక్కణ్ణే వెంట వెళ్ళాను. ఆసుపత్రి చేరకముందే నా ఒళ్ళో ప్రాణం పోయింది.

నేను తిరిగొచ్చాక, తొమ్మిదిన్నరకు ఎస్సై వచ్చాడు. నారాయణప్ప చేతులు కట్టుకుని, "పొద్దు కండ్లల్లో కొట్టె సార్, ఏమీ కనపడలే" అన్నాడు. ఎస్సై టెంపో ఎక్కి అతని సీట్లోనే కూర్చున్నాడు. అప్పటికి సూర్యుడు టాపు పైకి ఎక్కేశాడు. విభూతి పట్టెల సందుల్లోంచి రోడ్డంతా కనిపిస్తోంది.

"వర్తూరు దాకా కనపడతా ఉండాది కదయ్యా! నిద్రపోయినావా, తాగినావా?"

నేను అడ్డం వెళ్ళాను. రేపు ఆరున్నరకు వచ్చి ఇదే సీట్లో కూర్చుని చూడమన్నాను.

"పొద్దు మింద కేసు రాయమంటావా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ చూపించడానికి నా దగ్గర ఏముంది? చంపిన వెలుతురు అక్కడ లేదు.

తర్వాత పోలీసు స్టేషను వరండాలో చచ్చిపోయినతని భార్య నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఏడుపు అయిపోయిన ముఖం.

"ముందర కూర్చోని ఉండేది నువ్వే కదప్పా? మా ఆయప్ప నడిమి రోడ్డులో పోయినాడు, తప్పు ఆయప్పది కూడా ఉండాది అంటా ఉండారు ఈ పోలీసోళ్ళు. ఓరగానే పోతా ఉండె అని ఒక్క మాట చెప్పు."

చెబుదామనే నోరు తెరిచాను. అబద్ధమాడినా పాపం తగలని చోటు అది. కానీ లోపలి నుంచి ఎస్సై వింటున్నాడు, రేపు కోర్టులో ప్రమాణం చేయాలి. "నేను చూడలేదమ్మా" అన్నాను.

"చీకట్లో కనపడాలనే ఎర్ర స్వెటరు కొనిచ్చినా. అదీ కనపడలేదా?"

తల అడ్డంగా ఊపాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

టెంపో, మూటలు స్టేషనులో ఉండిపోయాయి. నారాయణప్ప లోపల ఉండిపోయాడు. సాయంత్రం నాలుగింటికి మాలూరు బస్సు ఎక్కితే కండక్టరు ముందు సీటు చూపించాడు. వద్దని వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. ఎండ ఇప్పుడు మా వీపు వైపు ఉంది. రోడ్డు మీద ప్రతి సైకిలు, ప్రతి చొక్కా రంగు శుభ్రంగా కనిపిస్తున్నాయి.

పొద్దున పూట తూర్పుకు పోయేవాళ్ళు నా మాట వినండి. అద్దం మీద దేవుడి బొట్టున్నా సరే, తుడిచేయండి. అప్పటికీ కనపడకపోతే బండి ఆపి టీ తాగండి. దీపావళి సరుకు రెండు వారాలు ఆలస్యంగా మా అంగడికి చేరింది. దానివల్ల ఎవరూ చావలేదు.